పెద్ద పెట్టెల చాటున చిన్న పరికరాలు

పెళ్ళి ఊరేగింపు వీధిలోకి మళ్ళగానే అందరి కళ్ళూ ముందుగా ట్రాక్టరు ట్రాలీ మీదికే పోతాయి. దానిపై గోడలాగా పేర్చిన నల్లని స్పీకరు పెట్టెలు, వాటి నడుమ గిర్రున తిరిగే రంగుదీపాలు, పైన నిలబడి చేతులూపే కుర్రవాడు. “ఎన్ని పెట్టెల డీజే తెచ్చారు?” అన్నదే చూసినవారి మొదటి ప్రశ్న. పెట్టెల లెక్కను బట్టి పెళ్ళివారి స్తోమతను అంచనా కట్టే అలవాటు బళ్ళారి, హోసూరు, రాయగడ, సిరొంచ వంటి సరిహద్దు ప్రాంతాల తెలుగు పల్లెలకు కూడా పాకింది. ఒకప్పుడు సన్నాయి, డోలు, డప్పు, తాషా వినబడిన చోట నేడు పెట్టెల హోరు వినబడుతున్నది.

మరునాటి ఉదయం అరుగు మీద కూర్చున్న తాతగారి చెవిలో గుయ్యిమనే రొద మాత్రం ఆగదు. రాత్రంతా ఉలిక్కిపడిన పసిబిడ్డ పగలు నిద్ర తీర్చుకుంటూ ఉంటుంది. పాట బాగుందా అని అడిగితే ఎవరూ వెంటనే జవాబు చెప్పలేరు. గట్టిగా ఉందని మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

పెట్టె పెద్దదైతే శబ్దం పెరుగుతుంది. సంగీతం మెరుగుపడుతుందన్న హామీ ఏమీ లేదు. డీజేను మంచి డీజేగా నిలబెట్టేవి, విన్నవారి చెవిని, పక్కన నిలుచున్నవారి ప్రాణాన్ని కాపాడేవి ఆ బండిలోనే ఏదో ఒక మూల ఒదిగి ఉండే చిన్న పరికరాలు. వాటికి రంగుదీపాలు ఉండవు. బేరం కుదుర్చుకునేటప్పుడు వాటి ప్రస్తావన రాదు. కొన్ని బండ్లలో అవి అసలే ఉండవు, లేవన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు. అటువంటి గుర్తింపు లేని పరికరాలు ఏవి, అవి ఏ పని చేస్తాయి అన్నది పెళ్ళిళ్ళు, జాతరలు జరిపించే ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన విషయం.

మనిషి పేరు పెట్టెకు వచ్చిన వైనం

డీజే అంటే డిస్క్ జాకీ. పాటలు నింపిన గ్రామఫోను పళ్ళేన్ని డిస్క్ అంటారు. అమెరికా రేడియోలలో రికార్డులను ఎంచి, మధ్యమధ్య మాటలు చెప్పి వినిపించే వ్యాఖ్యాతకు 1930, 1940 దశకాలలో ఈ పేరు స్థిరపడింది. అంటే అది మొదట మనిషికి పేరు. మన పల్లెలకు చేరేసరికి మనిషి వెనుకకు పోయి పెట్టెలకే ఆ పేరు దక్కింది. “డీజే పెట్టారు” అంటే నేడు పెట్టెలు పెట్టారని అర్థం.

పశ్చిమ మహారాష్ట్రలో ఇదే పెట్టెల గోడను ‘డాల్బీ’ అంటారు. ఇందులో ఒక వింత ఉన్నది. రే డాల్బీ అనే ఇంజనీరు 1965లో లండన్‌లో స్థాపించిన సంస్థకు తొలుత పేరు తెచ్చినది, టేపు మీద వినబడే ‘ఇస్స్’ అనే రొదను తగ్గించే పరికరం. రొదను అణచిన వాని పేరు చివరకు రొదకే పెట్టబడింది.

ఈ రంగంలో పేరు పొందిన యంత్రాలు లేకపోలేదు. జపానుకు చెందిన మత్సుషితా సంస్థ 1972లో టెక్నిక్స్ ఎస్.ఎల్-1200 అనే రికార్డు ప్లేయరును విడుదల చేసింది. ప్రపంచమంతటా డీజేలు దానిని నెత్తిన పెట్టుకున్నారు. 2010లో దాని తయారీ ఆగిపోయినప్పుడు బాధపడినవారు ఎందరో. 2016లో అది మళ్ళీ మార్కెట్టులోకి వచ్చింది. దాని కీర్తికి లోటు లేదు. దాని మీద పరచిన గుడ్డముక్క సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ.

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ

న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ పేటలో 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే యువకుడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన వేడుకలో పాటలు వినిపించడాన్ని హిప్‌హాప్ సంగీతానికి నాందిగా చెప్పుకుంటారు. పాటలో గాత్రం ఆగి వాద్యం మాత్రమే మ్రోగే కొద్దిపాటి భాగమే నాట్యం చేసేవారికి ఎంతో ఇష్టమని అతడు గమనించాడు. ఆ భాగాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించాడు.

అదే పేటలో జోసెఫ్ శాడ్లర్ అనే పిల్లవాడు వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదువుకుంటున్నాడు. తరువాతి కాలంలో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌గా ప్రసిద్ధి కెక్కినవాడు ఇతడే. ఒక లయ చెడకుండా రెండు రికార్డుల మధ్య తిరగాలంటే పళ్ళేన్ని చేతితో పట్టి ఆపాలి, సరిగ్గా తాళం పడే క్షణంలో వదలాలి. అయితే ప్లేయరు మీద ఉండే రబ్బరు చాప రికార్డును గట్టిగా పట్టుకుంటుంది. రికార్డును ఆపితే అడుగున తిరిగే చక్రమూ ఆగుతుంది. వదిలిన తరువాత చక్రం మళ్ళీ వేగం అందుకునే లోపు తాళం తప్పిపోతుంది.

శాడ్లర్ గుడ్డల కొట్టుకు వెళ్ళి ఫెల్ట్ అనే ఒత్తైన ఉన్నిగుడ్డ తెచ్చాడు. కుట్టుపని తెలిసిన తల్లి చేతి సాయంతో దానికి గంజి పట్టించి, ఇస్త్రీ చేసి, గుండ్రంగా కత్తిరించి రబ్బరు చాపకు బదులు పరిచాడు. గుడ్డ జారుతుంది కనుక, రికార్డును పట్టుకున్నా అడుగున చక్రం తన వేగంతో తిరుగుతూనే ఉంటుంది. వేలు తీసిన మరుక్షణం పాట నిండు వేగంతో అందుకుంటుంది. కొద్దిపాటి గుడ్డ, ఇంట్లోని గంజి కలిసి ఒక సంగీత సంప్రదాయానికి దారి వేశాయి. 2019లో స్వీడన్‌వారి పోలార్ సంగీత పురస్కారం అందుకున్నవారిలో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఒకరు. నేటి కంప్యూటరు డీజే యంత్రం మీది గుండ్రని చక్రాన్ని వేలితో తాకితే పాట ఆగి, వదిలితే సాగడం ఆనాటి గుడ్డ చేసిన పనికి అనుకరణమే.

ముందుగా వినే చెవి

డీజే మెడలో వేలాడే హెడ్‌ఫోన్‌ను చాలామంది అలంకారం అనుకుంటారు. నిజానికి అది అతని పనికి ప్రాణం. జనం ఒక పాట వింటూ ఉండగా, రాబోయే పాటను డీజే ఒక్కడే రహస్యంగా విని, దాని వేగాన్ని, తాళాన్ని, శబ్దాన్ని సరిచూసుకుంటాడు. ఇందుకు హెడ్‌ఫోన్ ఒక్కటే చాలదు. ఏ పాట జనానికి పోవాలి, ఏది తన చెవికి మాత్రమే రావాలి అన్నది విడదీసే చిన్న మీట మిక్సరులో ఉండాలి. దానిని ‘క్యూ’ అంటారు.

ఈ సౌకర్యం మొదటి నుండి లేదు. 1970 ప్రాంతంలో న్యూయార్కు నాట్యశాలలలో రెండు పాటలను ఒకే లయలో కలిపి మెప్పించిన వారిలో ఫ్రాన్సిస్ గ్రాసో ముఖ్యుడు. అతని కోసం అలెక్స్ రోస్నర్ అనే ఇంజనీరు ఒక మిక్సరును సొంతంగా తయారుచేసి ఇచ్చాడు. ఎర్రరంగు వేసినందున దానికి ‘రోజీ’ అన్న పేరు వచ్చింది. రోస్నర్ పోలెండు దేశపు యూదు కుటుంబంలో పుట్టినవాడు, తండ్రి వయొలిన్ విద్వాంసుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీల నిర్బంధ శిబిరాల నుండి తండ్రీకొడుకులిద్దరూ బతికి బయటపడ్డారు. గ్రాసో, రోస్నర్‌ల పేర్లు నేడు ఏ పెళ్ళి బండి మీదా ఉండవు. వారు నడిచిన దారిలోనే నేటి ప్రతి డీజే నడుస్తున్నాడు. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ కూడా ఇటువంటి మీటనే తన చేతులతో అమర్చుకుని ‘పీకబూ’ అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. పసిపిల్లలతో ఆడే దాగుడుమూత ఆటకు ఇంగ్లీషువారి మాట అది.

పెళ్ళి పందిట్లో దీని ప్రయోజనం స్పష్టంగా తెలుస్తుంది. పాటకు పాటకు మధ్య హఠాత్తుగా నిశ్శబ్దం, ఆ వెనువెంటనే పిడుగు పడ్డట్టు కొత్త పాట ఆరంభం, ముసలివారు గుండె పట్టుకోవడం చాలాచోట్ల చూసేదే. పాటలన్నీ ఒకే శబ్దస్థాయిలో రికార్డు కావు. హెడ్‌ఫోన్‌లో ముందే వినే డీజే తేడాను గుర్తించి మీటను తగ్గిస్తాడు. వినని డీజే తన పొరపాటును జనంతోపాటే వింటాడు.

హోరును విభజించేది, హద్దు దాటనివ్వనిది

మిక్సరుకు, ఆంప్లిఫయరుకు మధ్య రెండు పరికరాలు ఉండాలి. ఒకటి క్రాసోవరు, రెండవది లిమిటరు. నేటి కాలంలో ఈ రెండూ ఒకే పెట్టెలో వస్తున్నాయి. దానిని పనివారు ప్రాసెసర్ అని పిలుస్తారు.

మనిషి చెవి సెకనుకు 20 కంపనాల నుండి 20,000 కంపనాల వరకు గల ధ్వనులను వినగలదు. ఇంత విస్తారమైన శ్రేణిని ఒకే స్పీకరు పలికించలేదు. డోలు మోత వంటి మంద్రధ్వనులకు 18 అంగుళాల పెద్ద స్పీకరు కావాలి. గాత్రానికి మధ్యరకం కావాలి. తాళాల గలగలకు చిన్న బాకా కావాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు ఎవరి విస్తరిలో ఏది వడ్డించాలో చూసుకున్నట్టు, క్రాసోవరు ఏ ధ్వని ఏ స్పీకరుకు పోవాలో పంచిపెడుతుంది. ఆ పంపకం సరిగా లేనప్పుడే మంద్రధ్వని గాత్రాన్ని మింగివేస్తుంది. అప్పుడు వినబడేది దడదడ మాత్రమే, పాటలోని మాట ఒక్కటీ తెలియదు.

లిమిటరు పని కాపలా. ప్రతి ఆంప్లిఫయరుకు ఒక శక్తి పరిమితి ఉన్నది. దానిని మించి పలికించబోతే అలల శిఖరాలు తెగి చదునవుతాయి. కెరటాన్ని కత్తితో కోసినట్టు ఉంటుంది ఆ రూపం. దీనినే క్లిప్పింగ్ అంటారు. ఆంప్లిఫయరు ముఖం మీద ఎర్రదీపం వెలిగేది ఇందుకే. అట్లా తెగిన ధ్వని చెవికి కర్ణకఠోరంగా తగులుతుంది, స్పీకరు లోపలి తీగచుట్టను వేడెక్కించి కాల్చివేస్తుంది. శబ్దం హద్దును తాకగానే లిమిటరు దానిని సుతారంగా అణచి ఎర్రదీపం వెలగనివ్వదు. ఊరేగింపులో ఉత్సాహపడిన బావమరది వచ్చి మీట పైకి నెట్టినా, లిమిటరు ముందే బిగించి ఉంటే శబ్దం నిర్ణీత హద్దు దాటదు.

ఇక్కడ తెలుసుకోవలసిన లెక్క ఒకటున్నది. ఆంప్లిఫయరు శక్తిని రెండింతలు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. ఆ తేడాను చెవి స్వల్పంగానే గుర్తిస్తుంది. శబ్దం రెండింతలైనట్టు చెవికి తోచాలంటే దాదాపు 10 డెసిబెల్ పెరగాలి. అందుకు పదింతల శక్తి కావాలి. కాబట్టి రెండింతల వాట్ల బండికి రెండింతల డబ్బు ఇచ్చిన కుటుంబం రెండింతల పాటను కొనలేదు. అదే డబ్బులో కొంత మంచి ప్రాసెసర్ ఉన్న బండికి వెచ్చిస్తే పాటలోని ప్రతి మాటా తేటగా వినబడుతుంది.

స్పీకరును ఎత్తి నిలిపే కాళ్ళు

మూడు కాళ్ళ స్టాండును పరికరంగా ఎవరూ లెక్కించరు. శబ్దాన్ని న్యాయంగా పంచడంలో దానికి మించిన సాధనం లేదు.

ఆరుబయట దూరం రెండింతలైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్ తగ్గుతుంది. పందిరి చివర, 32 మీటర్ల దూరాన కూర్చున్నవారికి 88 డెసిబెల్ వినబడాలని ఒక్కచోటే స్పీకర్లు పెట్టారనుకుందాం. 16 మీటర్ల వద్ద అది 94, 8 మీటర్ల వద్ద 100, 4 మీటర్ల వద్ద 106, 2 మీటర్ల వద్ద 112 అవుతుంది. చివరి వరుసవారి కోసం మొదటి వరుసవారి చెవులను పణంగా పెట్టడమే ఇది. వీధికి ఇరువైపులా ఇళ్ళుంటే గోడలకు తగిలిన ధ్వని తిరిగివచ్చి పరిస్థితి మరింత విషమిస్తుంది.

స్పీకరును స్టాండు మీద తలల కంటే ఎత్తుగా నిలిపితే ముందున్నవారికి, వెనుకనున్నవారికి మధ్య దూరంలోని వ్యత్యాసం తగ్గుతుంది. ధ్వని నేరుగా ముందువారి చెవిలో పడదు. పందిరి నడుమ మరొక జత పెడితే చివరివారు దానికి 16 మీటర్ల దూరంలోనే ఉంటారు. ముందున్న జతను 6 డెసిబెల్ తగ్గించినా చాలుతుంది. రెండవ జతకు ధ్వనిని కొంచెం ఆలస్యంగా పంపాలి. 16 మీటర్లు ప్రయాణించడానికి ధ్వనికి సెకనులో ఇరవయ్యవ వంతు పడుతుంది గనుక, ప్రాసెసర్‌లో అంత ఆలస్యం పెట్టకపోతే మాటలు రెండుగా వినబడతాయి. రెండు స్టాండ్లు, కొంత తీగ, ఈ చిన్న సవరింపు ఉంటే పెళ్ళిమంత్రాలు చివరి వరుసకు కూడా తేటగా చేరతాయి.

ముప్పై మిల్లీ ఆంపియర్ల కాపలా

ఇంతవరకు చెప్పినవి చెవికి సంబంధించినవి. ఇకపై చెప్పేది ప్రాణానికి సంబంధించినది. తడినేల మీద నిలుచున్న వ్యక్తి మైకు అందుకోగానే కరెంటు కొట్టడం పందిళ్ళలో జరిగే ప్రమాదమే. కారణం సాధారణంగా ఎర్త్ తీగ లేకపోవడం, లేదా ప్లగ్గులోని మూడవ పిన్నును విరిచి పారవేయడం.

ఎం.సి.బి. ఉన్నది గదా అని కొందరు ధైర్యపడతారు. అది తీగలను కాపాడడానికి ఉద్దేశించినది. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించిన కరెంటు పారితేనే పడిపోతుంది. మనిషి గుండెను ఆపడానికి అందులో వందల వంతు కరెంటు చాలు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే మరొక మీట. దీనినే చాలామంది ఈ.ఎల్.సి.బి. అని కూడా పిలుస్తారు. ఇది వెళ్ళిన కరెంటును, తిరిగివచ్చిన కరెంటును సరిపోల్చి చూస్తుంది. రెండింటికీ తేడా వచ్చిందంటే ఎక్కడో మనిషి శరీరం గుండానో, తడిగోడ గుండానో కరెంటు నేలకు జారుతున్నదని అర్థం. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరగానే క్షణంలో సరఫరాను తెగ్గొడుతుంది. 16 ఆంపియర్లలో అది అయిదువందల వంతు కంటే తక్కువ.

దాని మీద ‘టెస్ట్’ అని రాసిన చిన్న బొత్తాం ఉంటుంది. ప్రతి వేడుకకు ముందు దానిని నొక్కి చూడాలి. మీట పడిపోతే పనిచేస్తున్నట్టు. పడకపోతే మార్చాలి. జనరేటరు వాడే చోట మరొక జాగ్రత్త అవసరం. జనరేటరు న్యూట్రల్‌ను ఎర్త్‌తో సరిగా కలపకపోతే ఆర్.సి.సి.బి. ఉండి కూడా అక్కరకు రాదు. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

అయితే తలపై పోయే హైటెన్షన్ తీగల ముందు ఏ మీటా నిలువదు. 2024 ఆగస్టులో బీహారులోని హాజీపూర్ వద్ద శివభక్తుల డీజే బండి హైటెన్షన్ తీగను తాకగా కనీసం ఎనిమిది మంది మరణించారు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు ప్రసరించి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి ప్రమాదాన్ని తప్పించే పరికరం అతి చవకైనది, కుట్టుపనివారి దగ్గరా తాపీమేస్త్రీ దగ్గరా ఉండేది. అదే కొలిచే టేపు.

నిబంధనల ప్రకారం 11 కిలోవోల్టుల తీగ వీధిని అడ్డంగా దాటే చోట నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తున ఉండాలి. ట్రాలీ అడుగు నేలకు ఒక మీటరు, పెట్టెల గోడ 3 మీటర్లు, దానిపై నిలబడిన మనిషి 1.7 మీటర్లు అనుకుంటే మొత్తం 5.7 మీటర్లు. ఆ మనిషి చేయి పైకెత్తితే హద్దు దాటిపోతుంది. పాత స్తంభాల మధ్య తీగ కిందికి వేలాడుతూ ఉంటే చేయి ఎత్తవలసిన అవసరం కూడా లేదు. తాకకపోయినా, మరీ దగ్గరగా వచ్చినంత మాత్రానే ఆ విద్యుత్తు గాలిలో దూకగలదు. బండి బయలుదేరక ముందే దాని ఎత్తును టేపుతో కొలవాలి. ఊరేగింపు దారిని పగటిపూట నడిచి చూడాలి. తీగలు ఎంత ఎత్తున ఉన్నాయో లైన్‌మన్‌ను అడగాలే తప్ప కర్రతోనో వెదురుతోనో తీగను కొలవబోరాదు. పెట్టెల మీదికి ఎవరినీ ఎక్కనివ్వరాదు.

చెవికి కొలబద్ద

బియ్యానికి తూకం ఉన్నది, గుడ్డకు గజం ఉన్నది. శబ్దానికి మాత్రం కొలత అక్కరలేదన్నట్టు వ్యవహరిస్తున్నాము. శబ్దాన్ని డెసిబెల్‌లలో చూపే మీటరు అరచేతిలో ఇమిడేంత చిన్నది. సెల్‌ఫోనులో ఉచితంగా దొరికే యాప్‌లు కచ్చితమైన లెక్క చెప్పకపోయినా, సుమారుగా తెలుసుకోవడానికి ఉపకరిస్తాయి.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం కార్మికుడు రోజుకు 8 గంటలపాటు భరించదగిన శబ్దం 85 డెసిబెల్. ఆపై ప్రతి 3 డెసిబెల్‌కు కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. ఇంతకు ముందు చెప్పిన 112 డెసిబెల్‌కు ఒక్క నిమిషం కూడా లేదు. మన ఊరేగింపులు గంటల తరబడి సాగుతాయి. వినోదవేదికలలో పావుగంట సగటు శబ్దం 100 డెసిబెల్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సూక్ష్మమైన రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్ళీ మొలవవు. ఊరేగింపు తరువాత వచ్చే గుయ్యిమనే రొద వాటికి కలిగిన దెబ్బకు సంకేతం.

ఇందులో అందరికంటే ఎక్కువగా నష్టపోయేది ఆ డీజే కుర్రవాడే. అతిథులకు అది ఒక రాత్రి ముచ్చట. అతనికి ముహూర్తాల కాలమంతా అదే పని. చెవిలో పెట్టుకునే నురుగు బిరడాలు చాలా చవక. మెత్తగా నలిపి, సన్నగా చేసి, చెవిలోపలికి సరిగా పోయేలా పెడితే శబ్దాన్ని 20 డెసిబెల్ వరకు తగ్గించగలవు. దూది ఆ పనికి చాలదు. సంగీతకారుల కోసం చేసిన ప్రత్యేక బిరడాలు అన్ని స్వరాలను సమంగా తగ్గించి పాటను పాటగానే వినిపిస్తాయి. డీజే పెట్టెలో హెడ్‌ఫోన్ పక్కన ఇవి కూడా ఉండడం ఎంతో అవసరం.

చట్టం సంగతి కూడా కొలతతోనే ముడిపడి ఉన్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు దేశమంతటికీ వర్తిస్తాయి. సరిహద్దు దాటి వియ్యాలవారి ఊరికి పోయినా అవే నియమాలు. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ పరిమితి. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలాలు. లౌడ్‌స్పీకరుకు లిఖితపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట దానిని వాడరాదు. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలించే అధికారం రాష్ట్రాలకు ఉన్నది. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఈ విషయంలో కఠినంగానే ఉన్నది. మీటరు లేని బండి తాను హద్దులో ఉన్నదో లేదో తానే చెప్పలేదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు

బేరం కుదిర్చే రోజున “ఎన్ని పెట్టెలు?” అన్న ప్రశ్నతోపాటు మరికొన్ని ప్రశ్నలు అడగడం పెళ్ళి పెద్దల బాధ్యత. ప్రాసెసర్ ఉన్నదా, లిమిటరు బిగించి ఉంచుతావా? పందిట్లో స్పీకర్లను స్టాండ్ల మీద పెడతావా? ఈ.ఎల్.సి.బి. ఉన్నదా, టెస్ట్ బొత్తాం నొక్కి చూపగలవా? ప్లగ్గులకు మూడు పిన్నులూ ఉన్నాయా? బండి మొత్తం ఎత్తు ఎంత? శబ్దం కొలిచే మీటరు ఉన్నదా? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే కుర్రవాడు పని నేర్చినవాడు. నాలుగు పెట్టెలే ఉన్నా అతనికే బయానా ఇవ్వడం మేలు.

ఇంటివారు చేయవలసినవీ కొన్ని ఉన్నాయి. పసిబిడ్డలను, గర్భిణులను, వృద్ధులను బండికి దూరంగా కూర్చోబెట్టాలి. మీట పైకి నెట్టమని డీజేపై ఒత్తిడి తెచ్చే బంధువులను మర్యాదగా వెనుకకు పిలవాలి. మంచి పని చేసిన డీజేకు పదిమంది ముందు ఆ మాట చెప్పాలి. “పాటలో ప్రతి మాటా వినబడింది నాయనా” అని ఒక పెద్దమనిషి మెచ్చుకుంటే, వచ్చే ముహూర్తానికి ఆ కుర్రవాడు మరో రెండు పెట్టెలు కొనే బదులు మంచి ప్రాసెసర్ కొంటాడు.

ఊరేగింపు ముగిసి బండి పోయిన తరువాత, పందిట్లో తాత మనుమరాలి చెవిలో మెల్లగా చెప్పిన మాట ఆమెకు వినబడాలి. ఆ సమయానికి ఎవరి చెవీ మొద్దుబారకుండా ఉన్నదంటే, ఆ రాత్రి డీజే బండిలోని చిన్న పరికరాలు తమ పనిని చక్కగా నెరవేర్చినట్టే.